హెచ్‌పీవీ ఆడవాళ్ళ వైరస్ ఎప్పుడైంది?

మా పెద్దమ్మ కూతురు చెన్నై పెరంబూరులో ఉంటుంది. బావగారి ఆఫీసువాళ్ళు ఏటా కుటుంబాలకి చేయించే హెల్త్ చెకప్‌లో ఈసారి హెచ్‌పీవీ టెస్ట్ కూడా కలిపారు. హెచ్‌పీవీ అంటే హ్యూమన్ పాపిలోమా వైరస్, గర్భసంచి ముఖద్వారానికి వచ్చే సర్వైకల్ క్యాన్సర్‌కి కారణమయ్యే వైరస్. అక్కకి పాజిటివ్ వచ్చింది. ఆ రాత్రి ఫోన్ చేస్తే, క్యాన్సర్ గురించి అడుగుతుందేమో అనుకున్నాను. "ఇది నాకెలా వచ్చిందే? పెళ్ళయి ఇన్నేళ్ళయింది, నేనేం తప్పు చేశానని?" అంది.

తర్వాతి రోజుల్లో ఆ ప్రశ్న కొంచెం మెత్తబడి బంధువులందరి నోళ్ళలోకీ వచ్చింది. "అసలీ వైరస్ ఆడవాళ్ళకే ఎందుకింత ఎక్కువ?" అని వాళ్ళ అత్తగారు అడిగారు, తోడికోడలు అడిగింది, మా అమ్మ కూడా అడిగింది. ఎవరూ చెడు ఉద్దేశంతో అడగలేదు. ఆస్పత్రుల గోడల మీద పోస్టర్లు కూడా ఇంచుమించు అలాగే ఉంటాయి. ఓ ఆడమనిషి బొమ్మ, గర్భసంచి బొమ్మ, కింద వైరస్ పేరు. అది చూసినవాళ్ళెవరికైనా ఇది ఆడవాళ్ళలో పుట్టి ఆడవాళ్ళలోనే తిరిగే జబ్బనే అనిపిస్తుంది.

నేను డాక్టర్ని కాను. కానీ అక్క కోసం చదవడం మొదలుపెట్టి, తెలిసిన గైనకాలజిస్టుతో మాట్లాడి, చదివింది మళ్ళీ చదివాక నాకొక అభిప్రాయం గట్టిపడింది. ఆ ప్రశ్న దగ్గరే మనం దారి తప్పుతున్నాం. హెచ్‌పీవీ ఆడవాళ్ళకెంత మామూలో మగవాళ్ళకీ అంతే మామూలు. మనం వెతికేది ఆడవాళ్ళలో, అందుకే అక్కడ దొరుకుతోంది. ఆడవాళ్ళ శరీరంలో ఒక చోటు దానికి బాగా అనువైంది, అందుకే అక్కడ ఎక్కువ హాని చేస్తోంది. ఈ రెండిటినీ కలిపేసి "ఆడవాళ్ళ వైరస్" అనేశాం. ఆ మాట వల్లే ఆడవాళ్ళు టెస్ట్ దగ్గరికి రావడం లేదని, వచ్చినవాళ్ళు రిపోర్ట్ దాచేస్తున్నారని నా నమ్మకం.

మగవాళ్ళకి టెస్టే లేదు

అక్కతో పాటు డాక్టర్ దగ్గరికి బావగారు కూడా వెళ్ళారు. అందుకు ఆయన మీద నాకు గౌరవం పెరిగింది. రిపోర్ట్ గురించి అంతా విన్నాక ఆయన అడిగారట, "మరి నేనూ టెస్ట్ చేయించుకోనా డాక్టర్ గారూ?" అని. మగవాళ్ళకి ఈ టెస్ట్ చేయరని ఆవిడ చెప్పారు. ఆయనకి నమ్మకం కుదరక ఇంటికొచ్చే దారిలో ల్యాబ్‌లోనూ అడిగారు. "జెంట్స్‌కి లేదు సార్" అన్నారు అక్కడా.

ఇది ఆ ల్యాబ్ సంగతి మాత్రమే కాదు. మగవాళ్ళకి మామూలు స్క్రీనింగ్‌గా వాడే హెచ్‌పీవీ టెస్ట్ ఏ దేశంలోనూ లేదు. చర్మం మీద ఎక్కడ నుంచి నమూనా తీస్తే నమ్మకమైన ఫలితం వస్తుందో తేలలేదు. తేలినా, ఫలితం చూసి ఇవ్వడానికి మందు లేదు. ఈ వైరస్‌ని చంపే మందు ఆడవాళ్ళకీ లేదు. కానీ ఆడవాళ్ళలో వైరస్ వల్ల కణాల్లో వచ్చే మార్పుని ముందే పట్టుకుని తీసేయొచ్చు, క్యాన్సర్ రాకుండా ఆపొచ్చు. అందుకే టెస్ట్ వాళ్ళ కోసం తయారైంది. వైద్యపరంగా ఇందులో తప్పేమీ లేదు. తప్పంతా ఆ రిపోర్ట్ ఇంటికి చేరాక మొదలవుతుంది. భార్య పేరు మీద కాగితం ఉంటుంది, భర్త పేరు మీద ఏమీ ఉండదు. కాగితం ఉన్నవాళ్ళే జవాబు చెప్పాలి అన్నట్టు ఇల్లంతా చూస్తుంది.

పరిశోధన కోసం మగవాళ్ళకి పరీక్షలు చేసినప్పుడు మాత్రం వైరస్ కావలసినంత కనిపించింది. అనేక దేశాల అధ్యయనాలని కలిపి 2023లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ అనే వైద్య పత్రిక ఒక విశ్లేషణ ప్రచురించింది. 15 ఏళ్ళు దాటిన మగవాళ్ళలో దాదాపు ముగ్గురిలో ఒకరికి జననేంద్రియాల దగ్గర ఏదో ఒక రకం హెచ్‌పీవీ ఉంది. క్యాన్సర్‌తో సంబంధమున్న రకాలే తీసుకుంటే ఐదుగురిలో ఒకరికి. చాలా దేశాల్లో ఆడవాళ్ళలో ఈ ఇన్ఫెక్షన్ చిన్న వయసులో ఎక్కువగా ఉండి తర్వాత తగ్గుతుంది. మగవాళ్ళలో అలా తగ్గడం పెద్దగా కనిపించదు, నడివయసులోనూ ఇంచుమించు అలాగే ఉంటుంది. ఒకసారి సోకితే ఆడవాళ్ళ శరీరంలో యాంటీబాడీలు కొంతైనా తయారవుతాయి. మగవాళ్ళలో అవి ఇంకా తక్కువ. నలభై దాటిన దంపతుల్లో వైరస్ ఉండే అవకాశం ఎవరిలో ఎక్కువ అంటే, నేను భార్య పేరు చెప్పలేను.

హాని జరిగే చోటు

అయితే ఒక నిజాన్ని తగ్గించి చెప్పకూడదు. హెచ్‌పీవీ వల్ల వచ్చే క్యాన్సర్లు ప్రపంచం మొత్తం మీద 2019లో ఆడవాళ్ళకి దాదాపు 6,20,000 అయితే, మగవాళ్ళకి 70,000. ఇంత తేడా ఉన్నప్పుడు "ఇద్దరికీ సమానమే" అని ఊరుకుంటే అది మోసమవుతుంది. వైరస్ సోకడం ఇద్దరికీ సమానం. దాని ఫలితం అనుభవించడం సమానం కాదు. ఎందుకని?

హెచ్‌పీవీ కుటుంబంలో 200కి పైగా రకాల వైరస్‌లున్నాయి. పిల్లల వేళ్ళ మీద లేచే పులిపిర్లు కూడా ఈ కుటుంబం పనే. పులిపిరి వచ్చిన పిల్లవాడి గుణం గురించి ఎవరూ ఆరా తీయరు. ఇవి రక్తంలో తిరిగే వైరస్‌లు కావు. చర్మంలోనో లోపలి పొరల్లోనో కంటికి కనిపించనంత చిన్న గీత పడితే అక్కడి నుంచి అడుగు పొరకి దిగి, అక్కడే ఉండిపోతాయి. రక్తంలోకి రావు కాబట్టి, కణాలని పగలగొట్టి గొడవ చేయవు కాబట్టి, రోగనిరోధక శక్తి వీటిని చాలాకాలం గుర్తుపట్టదు. జ్వరం రాదు, నొప్పి రాదు.

గర్భసంచి కిందికి వచ్చి యోనిలోకి తెరుచుకునే చోట, అంటే ముఖద్వారం దగ్గర, రెండు రకాల పొరలు కలుస్తాయి. లోపలివైపుది ఒకే వరుస కణాలతో ఉన్న పల్చని పొర. బయటివైపుది వరసల మీద వరసలుగా ఉన్న మందమైన పొర. ఈడొచ్చినప్పుడూ, కాన్పుల సమయంలోనూ లోపలి పల్చని కణాలు బయటికి జరిగి, అక్కడి ఆమ్లాన్ని తట్టుకోవడానికి మెల్లగా మందమైన కణాలుగా మారుతుంటాయి. ఇలా మారుతున్న సన్నటి భాగాన్ని డాక్టర్లు ట్రాన్స్‌ఫర్మేషన్ జోన్ అంటారు. హెచ్‌పీవీకి అడుగు పొర అక్కడ సులువుగా అందుతుంది, పైగా అక్కడి కణాలు అప్పటికే మార్పులో ఉంటాయి. అందులో 16, 18 రకాలు మరీ ప్రమాదం. సర్వైకల్ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి ఈ రెండే కారణం. ఇవి ఈ6, ఈ7 అనే రెండు ప్రొటీన్లు తయారుచేసి, కణం అదుపు తప్పకుండా కాపలా కాసే పీ53, ఆర్‌బీ ప్రొటీన్లని పనిచేయనీయవు. జర్మన్ శాస్త్రవేత్త హరాల్డ్ జూర్ హౌజెన్ 1983, 84లలో ఈ క్యాన్సర్ కణాల్లో 16, 18 రకాలని గుర్తించాడు. 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది.

మగవాళ్ళకి ఇలాంటి చోటు జననేంద్రియాల దగ్గర లేదు. గొంతులో, టాన్సిల్స్ అడుగున, మలద్వారం దగ్గర కొంత ఉంది. అందుకే వాళ్ళకి అక్కడ వస్తుంది. అమెరికాలో ఇప్పుడు హెచ్‌పీవీ వల్ల మగవాళ్ళకి వచ్చే గొంతు క్యాన్సర్ల సంఖ్య ఆడవాళ్ళ సర్వైకల్ క్యాన్సర్లని దాటింది. మన దగ్గర గొంతు, నోటి క్యాన్సర్లలో ఎక్కువ భాగం ఇంకా పొగాకు వల్లే.

చెన్నైలో ఉన్నాను కాబట్టి ఈ ఊరి సంగతి ఒకటి చెప్పాలి. అడయార్ క్యాన్సర్ ఇన్‌స్టిట్యూట్‌ని ముత్తులక్ష్మి రెడ్డి గారు 1954లో మొదలుపెట్టారు. 1982 నుంచి అక్కడ నగరంలోని క్యాన్సర్ కేసుల రిజిస్ట్రీ నడుస్తోంది. మొదట్లో చెన్నై ఆడవాళ్ళకి వచ్చే క్యాన్సర్లలో సర్వైకల్‌దే మొదటి స్థానం. తర్వాత అది తగ్గుతూ వచ్చి, రొమ్ము క్యాన్సర్ ముందుకొచ్చింది. అది తగ్గడం మొదలైంది వ్యాక్సిన్ రాకముందే, నగరమంతా స్క్రీనింగ్ జరిగి కూడా కాదు. పెళ్ళి వయసు పెరిగింది, కాన్పులు తగ్గాయి, ఇళ్ళల్లోకి కుళాయి నీళ్ళు వచ్చాయి, ఆడవాళ్ళు చదువుకున్నారు. ఆడ శరీరం ఆ నలభై ఏళ్ళలో ఏమీ మారలేదు కదా. మారింది బతుకు. పదిహేనేళ్ళకే పెళ్ళయి, ఇరవై దాటేలోపు ముగ్గుర్ని కన్న మా అమ్మమ్మ తరం వాళ్ళకి ఈ క్యాన్సర్ అంతగా రావడంలో వాళ్ళ శరీరం తప్పెంత, వాళ్ళ మీద పడ్డ బతుకు తప్పెంత అని నేను ఆలోచిస్తూ ఉంటాను.

ఎప్పుడు వచ్చిందని అడిగితే

అక్క ఇంట్లో ఎవరూ గట్టిగా అడగకపోయినా అందరి మనసులోనూ ఉన్న ప్రశ్న, "ఇప్పుడెలా వచ్చింది?" అన్నదే. దీనికి జవాబిచ్చే టెస్ట్ లేదు. రిపోర్ట్‌లో పాజిటివ్ అని ఉంటే ఆ రోజు ఆ నమూనాలో వైరస్ ఉందని మాత్రమే అర్థం. నిరుడు వచ్చిందా, ఇరవై ఏళ్ళ క్రితం వచ్చి పరీక్షకి కూడా అందనంత తక్కువ స్థాయిలో దాక్కుని ఇప్పుడు పైకొచ్చిందా అన్నది ఎవరూ చెప్పలేరు. వయసు పెరిగి రోగనిరోధక శక్తి తగ్గినప్పుడు పాతది మళ్ళీ బయటపడొచ్చు. భర్త నుంచి వచ్చిందా అన్నదీ చెప్పలేరు. సంభోగమే జరగనక్కరలేదు, జననేంద్రియాల దగ్గరి చర్మం చర్మానికి తగిలినా సోకుతుంది. కండోమ్ ప్రమాదాన్ని తగ్గిస్తుంది కానీ పూర్తిగా ఆపదు.

చాలాకాలం నుంచి ఈ జబ్బు చుట్టూ శీలం మాట తిరుగుతూనే ఉంది. 1842లో రిగోని స్టెర్న్ అనే ఇటలీ డాక్టరు వెరోనా నగరంలో మరణాల లెక్కలు చూసి, సన్యాసినుల్లో గర్భసంచి క్యాన్సర్ చాలా అరుదని, పెళ్ళయినవాళ్ళలో ఎక్కువని రాశాడు. ఆ పరిశీలన తర్వాతి పరిశోధనకి దారి చూపిన మాట నిజమే. కానీ తర్వాత ఎంతో కాలం పరిశోధకులు ఆ ఆడమనిషికి ఎందరితో సంబంధాలున్నాయనే లెక్కపెట్టారు. జీవితమంతా ఒక్క భర్తతోనే ఉన్నవాళ్ళకి ఎందుకొస్తోంది అని గట్టిగా అడగడం చాలా ఆలస్యంగా జరిగింది. 1980ల నుంచి వచ్చిన అధ్యయనాలు చెప్పిందేమిటంటే, భార్య ప్రమాదంలో పెద్ద భాగం భర్త గతం మీద ఆధారపడి ఉంటుందని.

ఇది చదివినప్పుడు నాకు మొదట కోపం వచ్చింది. "చూశారా, తప్పు మగవాళ్ళది" అని రాయాలనిపించింది. ఆలోచిస్తే అదీ సరికాదు. చూపించే వేలు ఇటు నుంచి అటు తిప్పితే ఇంట్లో గొడవ మారుతుంది కానీ ఆగదు. పెళ్ళికి ముందో, ఎప్పుడో ఒక్క సంబంధం ఉన్నా సరిపోయే వైరస్ ఇది. వ్యాక్సిన్ వేయించుకోని జనంలో దాదాపు అందరికీ జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు సోకుతుంది. ఇంతమందికి వచ్చేదాన్ని పట్టుకుని ఒక మనిషి గురించి తీర్పు చెప్పడం కుదరదు. భర్తని దోషిగా నిలబెట్టడం నా ఉద్దేశం కాదు. డాక్టర్ గదిలో ఆయన కూడా కుర్చీ వేసుకుని కూర్చోవాలి, అంతే. బావగారిలాగా.

"పిల్లలు పుట్టేశారుగా, తీసేయించెయ్"

అక్కకి 16, 18 నెగటివ్. మిగతా హై రిస్క్ రకాల్లో ఏదో ఒకటి పాజిటివ్. పాప్ స్మియర్, అంటే ముఖద్వారం దగ్గరి కణాలు తీసి చూసే పరీక్ష, మామూలుగా ఉంది. ఇలాంటప్పుడు చాలా చోట్ల ఇచ్చే సలహానే అక్కకీ ఇచ్చారు. ఏడాది తర్వాత మళ్ళీ టెస్ట్ చేయించుకోమన్నారు. ఇంకేమీ అక్కర్లేదు. పది ఇన్ఫెక్షన్లలో తొమ్మిది దాకా రెండేళ్ళలోపు శరీరం తనంతట తానే అణిచేస్తుంది. మిగిలిన కొద్దిమందిలోనూ క్యాన్సర్ దాకా వెళ్ళడానికి మామూలుగా 15 నుంచి 20 ఏళ్ళు పడుతుంది. హెచ్‌ఐవీ లాంటివాటి వల్ల రోగనిరోధక శక్తి బాగా తగ్గినవాళ్ళలో 5 నుంచి 10 ఏళ్ళు.

కానీ గుంటూరులో ఉన్న బంధువుల నుంచి ఫోన్ మీద ఫోన్. "ఇద్దరు పిల్లలు పుట్టేశారుగా, ఇంక దానితో పనేముంది, తీసేయించెయ్, టెన్షన్ ఉండదు" అని. చెప్పినవాళ్ళందరూ ప్రేమతో చెప్పినవాళ్ళే. వాళ్ళలో చాలామంది తమది తీయించుకున్నవాళ్ళు కూడా. దేశం మొత్తం మీద 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో గర్భసంచి తీయించుకున్నవాళ్ళు 3 శాతం చిల్లర అయితే, ఆంధ్రాలోనూ తెలంగాణలోనూ 8 శాతం చుట్టుపక్కల ఉంటారని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చెబుతుంది. తెల్లబట్ట అయితే తీసేయడం, బహిష్టు ఎక్కువైతే తీసేయడం, నడుం నొప్పైనా తీసేయడం మన ఊళ్ళలో మామూలైపోయింది. హెచ్‌పీవీ అనే మాట కొత్తగా ఆ జాబితాలో చేరిపోతుందేమోనన్నది నా భయం.

గర్భసంచి తీసేసినంత మాత్రాన వైరస్ పోదు. యోని గోడల్లో ఉండొచ్చు. ముందుదశ మార్పులున్నాయని తీసేసినవాళ్ళు ఆ తర్వాత కూడా పరీక్షలు చేయించుకుంటూనే ఉండాలి. నలభై లోపల తీయించుకుంటే మెనోపాజ్ తొందరగా రావచ్చు, అండాశయాలు కూడా తీసేస్తే వెంటనే వస్తుంది. నిజంగా ముందుదశ మార్పులున్నప్పుడు ఆ కొద్దిభాగాన్ని వేడితో మాడ్చేసే పద్ధతి ఉంది, సన్నటి తీగతో కోసి తీసే పద్ధతి ఉంది. సాధారణంగా అదే రోజు ఇంటికి వెళ్ళిపోవచ్చు. ఇవి తెలియక, "ఆడవాళ్ళకి వచ్చే వైరస్ కాబట్టి ఆడవాళ్ళకున్న ఆ అవయవాన్నే తీసేస్తే సరి" అనుకోవడం, నేను చెబుతున్న ఆ తప్పుడు పేరు వల్ల జరిగే నష్టాల్లో ఒకటి.

"మామూలే" అని చెబితే నిర్లక్ష్యం చేయరా?

ఈ ప్రశ్న నన్ను బాగా ఇబ్బంది పెట్టింది. మా గైనకాలజిస్టే అడిగారు. "అందరికీ వస్తుంది, దానంతటదే పోతుంది అని రాస్తే, ఇక టెస్ట్‌కి ఎవరొస్తారమ్మా?" అన్నారు. ఆవిడ రోజూ చూసేది ఆలస్యంగా వచ్చినవాళ్ళని. 2022లో మన దేశంలో సుమారు 1,27,000 మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చిందని, దాదాపు 80,000 మంది చనిపోయారని అంచనా. అప్పుడు భయపెట్టే మాటే మేలు కాదా?

నాకు తెలిసినంతలో భయం టెస్ట్ దగ్గరికి తీసుకురావడం లేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో జీవితంలో ఒక్కసారైనా సర్వైకల్ క్యాన్సర్ పరీక్ష చేయించుకున్నవాళ్ళు దేశంలో 2 శాతం కూడా లేరు. తమిళనాడు నయం, 10 శాతం దగ్గరలో ఉంది. ఇక్కడ ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో 30 దాటిన ఆడవాళ్ళకి ఉచితంగా చూస్తారు. ముఖద్వారం మీద పల్చటి ఎసిటిక్ ఆమ్లం, అంటే వినెగర్‌లో ఉండే ఆమ్లమే, అద్ది, ఒక నిమిషం ఆగి, తెల్లబడిన మచ్చ ఉందేమో చూస్తారు. ఇంత చౌక పరీక్షకి ఇదే రాష్ట్రంలో దిండిగల్ జిల్లాలో నిరూపణ జరిగింది. నర్సులు చేసిన ఆ పరీక్షతో, దొరికినవాళ్ళకి వైద్యంతో, సర్వైకల్ క్యాన్సర్ మరణాలు 35 శాతం తగ్గాయని 2007లో లాన్సెట్‌లో వచ్చింది. మహారాష్ట్రలోని ఉస్మానాబాద్‌లో హెచ్‌పీవీ టెస్ట్ ఒక్కసారి చేస్తేనే మరణాలు దాదాపు సగమయ్యాయి. అది 2009 మాట. పరీక్ష ఉంది, పనిచేస్తుందని మన ఊళ్ళలోనే తేలింది, ఇక్కడ ఉచితం కూడా. అయినా పదిమందిలో తొమ్మిదిమంది వెళ్ళలేదు.

మా అపార్ట్‌మెంట్‌లో కొన్ని ఇళ్ళలో పనిచేసే ఒకావిడ నాయుడుపేట వైపు నుంచి వచ్చారు, మాతో తెలుగులోనే మాట్లాడతారు. బహిష్టు ఆగిపోయి ఏళ్ళయిన మనిషికి మళ్ళీ రక్తం కనబడింది. నెలల తరబడి ఎవరికీ చెప్పలేదు. చివరికి ఆస్పత్రిలో చేరాక, ఎందుకు ముందే రాలేదని అడిగితే, "ఆ పరీక్ష చేయించుకుంటే మా ఆయన ఏమనుకుంటాడో అని" అన్నారు. దగ్గరలోనే ఆరోగ్య కేంద్రం ఉందని ఆవిడకి తెలుసు. ప్రాణం పోతుందన్న భయం ఆవిడకి లేకపోలేదు. దానికంటే పెద్ద భయం ఇంకోటి అడ్డొచ్చింది. రేడియేషన్ జరుగుతోంది ఇప్పుడు.

కాబట్టి మా డాక్టర్ గారికి నేనిచ్చే జవాబు ఇది. "అందరికీ వస్తుంది" అన్న మాటని "అందుకే అందరూ చూపించుకోవాలి" అన్న మాటతో కలిపి చెప్పాలి. ఒకటి వదిలేసి ఇంకోటి చెబితే ఆవిడ భయపడ్డట్టే జరుగుతుంది. బీపీ చూపించుకోవడానికి ఎవరూ సిగ్గుపడరు. ఏ వయసుకి ఏ పరీక్ష అన్నట్టు దీన్నీ చెప్పడం అసాధ్యం కాదు. సంభోగం తర్వాత రక్తం, మెనోపాజ్ తర్వాత రక్తం, వాసనతో తెల్లబట్ట ఉంటే మాత్రం స్క్రీనింగ్ కోసం ఆగకూడదు, వెంటనే వెళ్ళాలి.

ఖమ్మం నీడ

వ్యాక్సిన్ మాట ఎత్తితే మా వైపు వాళ్ళకి ఖమ్మం గుర్తొస్తుంది. 2009లో అప్పటి ఉమ్మడి రాష్ట్రంలో ఖమ్మం జిల్లాలో, గుజరాత్‌లో వడోదరలో పాత్ అనే అమెరికన్ సంస్థ, కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్, రాష్ట్ర ప్రభుత్వాలు కలిసి 10 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలకి హెచ్‌పీవీ టీకా వేశాయి. ఖమ్మంలోనే సుమారు 14,000 మందికి. చాలామంది గిరిజన హాస్టళ్ళలో ఉండి చదువుకునే పిల్లలు. రెండు చోట్లా కలిపి ఏడుగురు అమ్మాయిలు చనిపోయారన్న వార్తలతో 2010 ఏప్రిల్‌లో ఆపేశారు. పాముకాటు, నీళ్ళలో మునగడం, పురుగుల మందు తాగడం లాంటి కారణాలు బయటికొచ్చాయి. టీకాకి సంబంధం ఉన్నట్టు విచారణ కమిటీకి కనబడలేదు. అయితే అనుమతి పత్రాల మీద ఎన్నోచోట్ల తల్లిదండ్రుల బదులు వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టిన సంగతి బయటపడింది. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దీన్ని చాలా తీవ్రంగా తప్పుపట్టింది.

టీకా గురించి భయపడే తల్లులని చదువులేనివాళ్ళనీ, పుకార్లు నమ్మేవాళ్ళనీ తీసిపారేసేవాళ్ళంటే నాకు అందుకే నచ్చదు. ఆ భయం వెనక జరిగిన సంఘటన ఉంది. ఆ పిల్లల అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, ఇది ఏ వైరస్, ఎందుకు ఈ వయసులోనే, ఎవరెవరికి సోకుతుంది అని చెప్పి ఉంటే, కొందరు వద్దనేవాళ్ళేమో. అయినా చెప్పాల్సిందే. ఆ చెప్పకపోవడానికి మనం ఇన్నేళ్ళు మూల్యం చెల్లించాం. ఈలోగా ఇంగ్లండ్‌లో 12, 13 ఏళ్ళప్పుడు టీకా వేయించుకున్న అమ్మాయిల్లో ఈ క్యాన్సర్ 87 శాతం తగ్గిందని 2021లో తేలింది. టీకా పనిచేస్తుందా అన్న సందేహం నాకిప్పుడు లేదు. ఒక్క డోసుతో కూడా సరిపెట్టవచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 డిసెంబర్‌లో చెప్పింది. పుణెలోని సీరమ్ ఇన్‌స్టిట్యూట్ తయారుచేసిన సెర్వావాక్ అనే హెచ్‌పీవీ టీకా వచ్చాక, బయట కొనుక్కునేవాళ్ళకి ధర కూడా దిగింది.

అబ్బాయిల సంగతి

సెర్వావాక్‌కి మన దేశంలో 9 నుంచి 26 ఏళ్ళ అబ్బాయిలకీ అనుమతి ఉంది. ఈ విషయం నేను చెబితే మా ఫ్లోర్‌లో ఉన్న తల్లులెవరూ నమ్మలేదు. ఆస్ట్రేలియా 2007లో అమ్మాయిలకి మొదలుపెట్టి 2013లో అబ్బాయిలనీ చేర్చింది. జూర్ హౌజెన్ బతికున్నన్నాళ్ళూ అబ్బాయిలకి కూడా వేయాలని వాదిస్తూనే ఉన్నాడు. వైరస్‌ని మోసుకెళ్ళేవాళ్ళని వదిలేసి, దెబ్బ తగిలేవాళ్ళకే రక్షణ ఇవ్వడం సగం పని అని ఆయన వాదన.

దీనికి ఎదురుగా ఉన్న వాదన బలమైంది, దాన్ని కాదనలేను. ప్రభుత్వం దగ్గర డబ్బూ డోసులూ పరిమితం. అదే డబ్బుతో అమ్మాయిలందరికీ వేస్తే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయి. అమ్మాయిల్లో ఎక్కువమందికి పడితే వైరస్ తిరగడం తగ్గి అబ్బాయిలకి కూడా కొంత రక్షణ వస్తుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ కూడా ముందు 9 నుంచి 14 ఏళ్ళ అమ్మాయిలకే అంటోంది. ఒక పల్లెలో పది డోసులే ఉంటే పదీ అమ్మాయిలకే వేయమంటాను నేను కూడా.

కానీ డోసులు పంచుకోవడం వేరు, విషయం పంచుకోవడం వేరు. క్లాసులో అమ్మాయిలని మాత్రం పక్క గదిలోకి తీసుకెళ్ళి హెచ్‌పీవీ గురించి చెప్పి, ఆ సమయంలో అబ్బాయిలని గ్రౌండ్‌కి పంపిస్తే, ఇద్దరూ నేర్చుకునేది ఒకటే. ఇది అమ్మాయిల గొడవ అని. ఆ అబ్బాయిలే రేపు భర్తలై, భార్య చేతిలో రిపోర్ట్ చూసి అనుమానపడతారు. మాట చెప్పడానికి డోసులు అక్కర్లేదు, బడ్జెట్ అక్కర్లేదు.

మా అబ్బాయికి ఇప్పుడు పన్నెండేళ్ళు. డబ్బు పెట్టగలిగిన స్థితిలో ఉన్నాం కాబట్టి వాడికి వేయిద్దామని మావారితో అన్నాను. "అబ్బాయికెందుకు?" అని ఆయన అడిగారు. పైన రాసిందంతా ఆయనతో మాట్లాడుతూ తేల్చుకున్నదే. ఆయన ఒప్పుకున్నారు, కానీ పిల్లవాడికి ఏం చెప్పి తీసుకెళ్ళాలన్నది మా ఇద్దరికీ తేలలేదు. ఏదో జ్వరం టీకా అని చెప్పి తీసుకెళ్ళడం నాకిష్టం లేదు. ఖమ్మంలో పిల్లలకి జరిగింది కూడా ఆ చెప్పకపోవడమే. వాడి వయసుకి తగ్గట్టు, మనుషులు దగ్గరైనప్పుడు ఒకరి నుంచి ఒకరికి సోకే వైరస్ ఇదనీ, ఆడా మగా తేడా లేకుండా వస్తుందనీ, నీ వల్ల ఇంకొకరికి జబ్బు రాకుండా కూడా ఈ టీకా అనీ చెప్పాలనుకుంటున్నాం. వాళ్ళ నాన్న చెబితే బాగుంటుందని నేనంటున్నాను. ఆయన ఆలోచిస్తున్నారు.